రెండు ఆసుల అబద్ధం

కరోనా లాక్‌డౌన్‌లు సడలిన మరుసటి వేసవిలో నన్ను జిల్లా స్పెషల్ పార్టీ నుంచి కృష్ణపట్నం పోర్టుకు ఉత్తరాన, తీరం వెంట ఉన్న ఒక స్టేషన్‌కు తాత్కాలికంగా పంపారు. అప్పటికి నేను ఏఎస్సైని, అంటే హెడ్ కానిస్టేబుల్‌కు పైన, ఎస్సైకి కింద. అంతకు ముందు పదహారేళ్ళూ మెట్ట మండలాల్లోనే పనిచేసినందువల్ల ఆ తీరంలో నా మొహం ఎవరికీ తెలియదు. నన్ను ఎంచుకోవడానికి కారణం అదొక్కటే.

తోటపల్లి గూడూరు వైపు రొయ్యల గుంటల మధ్య ఒక గెస్ట్‌హౌస్‌లో రోజూ మధ్యాహ్నం పోకర్ ఆట నడుస్తోందని సమాచారం. ఫోనులో డబ్బు పెట్టి ఆడే ఆటలు నిషేధించాక చాలామంది ఇలాంటి బల్లల దగ్గరకు చేరారు. నడిపేవాడి పేరు మధుసూదన్. ఇస్త్రీ చొక్కా, మెత్తని మాట. ఊళ్ళో అందరికీ ఆయన 'మధు సార్'.

ఫిర్యాదు చేసింది మస్తానమ్మ. భర్త పెంచలయ్య రెండు గుంటలు లీజుకు తీసుకుని రొయ్యలు పెంచే రైతు. ఆరు నెలల్లో ఆ రెండు గుంటలూ చేజారిపోయాయి.

"ఆడొద్దని చెప్పడానికి మీ దగ్గరికి రాలేదు సార్. ఆ మాట నేనే చెప్పుకుంటా. ఆ బల్ల మీద ఏందో మోసముంది. మా ఆయన కొంచెం కొంచెం గెలుస్తాడు, పెద్దాట పడితే మాత్రం ఓడతాడు. ప్రతిసారీ అట్టే ఎట్టా జరుగుద్ది?" అని ఆమె నాతో అన్నది.

దాడి చేయడం కష్టం కాదు. కాని ఉత్త పేకాట కేసయితే జరిమానా కట్టి సాయంత్రానికి బయటికొస్తారు, వారానికి ఇంకో గెస్ట్‌హౌస్ తెరుస్తారు. మోసం సెక్షను నిలబడాలంటే గుర్తులు పెట్టిన పేకముక్కలు దొరకాలి. ఆ గుర్తులను అతను వాడుకుంటున్నాడని సాక్ష్యం కూడా కావాలి. దానికి ఎవరో ఒకరు ఆ బల్ల దగ్గర కూర్చోక తప్పదు. డీఎస్పీ గారి నుంచి రాతపూర్వకంగా అనుమతి తీసుకున్నాను. సాక్షిగా వేరే మండలం వీఆర్వో ఒకాయనను నా కారు డ్రైవర్ వేషంలో వెంట పెట్టుకున్నాను.

పోకర్ నాకు నేర్పింది పెంచలయ్యే. ఒక్కొక్కరికి రెండు ముక్కలు రహస్యంగా పంచుతారు. ఆ తర్వాత మధ్యలో ఐదు ముక్కలు విడతలుగా తెరుస్తారు, అవి అందరివీ. మంచి ముక్కలున్నవాడు పందెం పెంచుతాడు, లేనివాడు వాటిని కింద పడేసి తప్పుకుంటాడు. లేకపోయినా ఉన్నట్టు నటించి పెంచేవాడూ ఉంటాడు. ఆట రుచంతా అక్కడే ఉంది. నేర్పుతూ నేర్పుతూ పెంచలయ్య ఒక మాటన్నాడు: "ఎవురైనా పందెం పెంచితే మేమంతా వాడి మొగం చూస్తాం అన్నా. మధు సార్ మాత్రం వాడి చేతికింద ముక్కల్ని చూస్తాడు."

ఆ మాటతో నాకు దారి దొరికింది. మొహం చూడకుండా ముక్కల వీపు చూస్తున్నాడంటే, వీపు మీద ఏదో రాసి ఉండాలి.

హేచరీ నుంచి రొయ్యపిల్లలు తెచ్చి అమ్మే సీడు వ్యాపారి వెంకటేశ్వర్లుగా ఆ బల్ల దగ్గరకు వెళ్ళాను. "నాకు సీడిచ్చే అన్న" అని పరిచయం చేసి పెంచలయ్య తప్పుకున్నాడు. బల్ల చుట్టూ మధుసూదన్, నేను, ముగ్గురు రొయ్యల రైతులు. కిటికీ పక్క కుర్చీలో నా 'డ్రైవర్'.

నా పథకం చాలా మామూలుది. మొదటి ఐదు రోజులు ముక్కల గురించి నేను ఒక్క అబద్ధం కూడా ఆడలేదు. ముక్కలు రాగానే నోరు మూసుకోలేని అమాయకుడిలా ఉన్నదున్నట్టు చెప్పేవాణ్ణి. "ఇద్దరు రాణులొచ్చినారబ్బా, తప్పుకోండి" అని పెంచి, అందరూ పడేశాక తిప్పి చూపిస్తే ఇద్దరు రాణులే ఉండేవారు. ఏమీ రాకపోతే "నాకేం లేదు" అని బోర్లా పడేయకుండా తెరిచే పడేసేవాణ్ణి. సీడు రేట్ల గురించి, వైట్ స్పాట్ తెగులు గురించి నోరు నొప్పెట్టేదాకా మాట్లాడాను. మూడో రోజుకు రైతుల్లో పెద్దవాడైన రమణయ్య నవ్వడం మొదలుపెట్టాడు. "వెంకటేశ్వర్లన్న ముక్కలు చూడబళ్ళేదు, ఆయన నోరు వింటే చాలు" అన్నాడు. నాకు కావలసింది ఆ పేరే.

ఆరో రోజు ఏడు, రెండు వచ్చాయి. రెండు ముక్కలతో మొదలయ్యే ఆటలో ఇంతకన్నా పనికిరాని జత లేదంటారు. "రెండు ఆసులు! నా జన్మకి ఇదే మొదలు!" అని అరిచి, మధ్యలో డబ్బుకు బదులుగా వాడే బిళ్ళలు పది కూడా లేని పందేనికి నా ముందున్న బిళ్ళలన్నీ తోసేశాను. అన్నిటికన్నా పెద్ద జతయిన ఆసులు నిజంగా ఉన్నవాడు అలా చేయడు. కొద్దికొద్దిగా పెంచుతూ మిగిలినవాళ్ళను లోపలికి లాగుతాడు. కాని నేను అమాయకుడినని పేరు పడినవాణ్ణి, నాకది చెల్లుతుంది. ముగ్గురు రైతులూ వెంటనే పడేశారు. మధుసూదన్ నా చేతికింద చూసి, ఒక్క క్షణం ఆగి, తనూ పడేశాడు. ఎవరూ నిలవలేదు కాబట్టి నేను ముక్కలు చూపించక్కర్లేదు, కట్టలో కలిపేశాను.

"ఆసులు బాగానే వస్తున్నాయే మీకు" అన్నాడు. పెదవుల చివర నవ్వు ఉంది. నేను అబద్ధమాడానని ఆ బల్ల దగ్గర తెలిసినవాడు అతనొక్కడే అని నాకు నమ్మకం కుదిరింది. నా నమ్మకం కోర్టులో సాక్ష్యం కాదు.

ఆ సాయంత్రం సీఐ గారు ఫోన్ చేసి, వారం కావస్తోంది, రేపు దాడి చేసి పేకాట కేసు కట్టి ముగించమన్నారు. ఆయన మీద పై ఒత్తిడి ఉంది. రెండు రోజులు అడిగాను. ఈసారి ఖాళీ చేతులతో వస్తే తప్పు నాదేనని రాసివ్వమన్నారు. రాసిచ్చాను.

ఏడో రోజంతా ఆ అవకాశం రాలేదు. నాకు పనికిరాని జత వచ్చినప్పుడల్లా మధుసూదన్ ముందే పడేశాడు, మంచి ముక్కలు వస్తే నిజమే చెప్పాను. ఎనిమిదో రోజు మధ్యాహ్నం నాలుగు దాటాక మళ్ళీ పనికిరాని జత, ఎనిమిదీ మూడూ వచ్చింది. ఇది పోతే ఇంకో రోజు లేదు.

"మళ్ళీ రెండు ఆసులే! మా పెంచలస్వామి దయ!" అని, మధ్య ముక్కలు ఒక్కటీ తెరవకముందే మొత్తం తోశాను. ముగ్గురూ పడేశారు. రమణయ్య అయితే దణ్ణం పెట్టి మరీ పడేశాడు. మధుసూదన్ నా ముక్కల వీపుల వైపు చూశాడు. ఈసారి తొందరపడలేదు. తన బిళ్ళల్ని రెండు చేతులతో మధ్యలోకి నెట్టి, "కాల్" అన్నాడు. అంటే నా పందేనికి సమానంగా పెట్టి నిలుస్తున్నానని.

బిళ్ళలన్నీ లోపలికి వెళ్ళాక ఇద్దరూ ముక్కలు తెరవాలి, అది నియమం. నా ఎనిమిదీ మూడూ తెరిచాను. అతను తనవి తెరిచాడు. ఒక రాజు, ఒక నాలుగు.

రమణయ్య ఆ రాజు వైపు, నాలుగు వైపు మార్చి మార్చి చూశాడు.

"సార్, వారం నుంచి ఈయన ఏదంటే అదే గదా. నా దగ్గర పదుల జతుండీ పడేసినాను. నువ్వు నాలుగూ రాజూ పెట్టుకోని ఎట్టా నిలిచినావు?"

మధుసూదన్ చెయ్యి మిగిలిన పేక కట్ట వైపు కదిలింది. నేను దాని మీద అరచెయ్యి పెట్టి, నా డ్రైవర్‌తో "ఏరేటర్లు ఆపమని ఫోన్ చెయ్యి" అన్నాను. గుంటల నీటికి గాలి ఎక్కించే ఆ యంత్రాల మాటే బయట కాచుకున్న పోలీసు పార్టీకి సంకేతం.

ఆ కట్టను అక్కడికక్కడే లెక్కపెట్టి, సీలు వేసి, మధ్యవర్తుల నివేదిక, అంటే పంచనామా, రాయించాం. వీఆర్వో ఆరో రోజు, ఎనిమిదో రోజు ఆటల వివరాలూ తన మాటల్లోనే చెప్పాడు. పది మొదలు ఆసు దాకా ప్రతి ముక్క వీపు మీదా ఒక పువ్వు రేకు తక్కిన రేకులకన్నా కొంచెం ముదురుగా ఉంది. తెలిసినవాడికి తప్ప కనిపించదు. ప్రయోగశాల వాళ్ళు తర్వాత అదే రాశారు.

అసలు చిక్కు ఆ తర్వాత వచ్చింది. మోసపోయామని సాక్ష్యం చెప్పాలంటే ముందు పేకాట ఆడామని ఒప్పుకోవాలి, జరిమానా కట్టాలి, పేరు కోర్టు కాగితాలకెక్కుతుంది. ముగ్గురు రైతులూ వెనక్కి తగ్గారు. పెంచలయ్య కూడా తగ్గాడు. స్టేషన్ వరండాలో మస్తానమ్మ మాత్రం తగ్గలేదు.

"ఏమయ్యా, ఆడలేదా నువ్వు? ఆడినావు గదా. ఆ మాటే రాయించు. నిన్ను మోసం చేసినాడనే మాట దాని కింద రాయించు. పైది లేకుండా కిందది ఎట్టా నిలబడుద్ది?"

పెంచలయ్య కుర్చీ లాక్కుని కూర్చుని వాంగ్మూలం ఇచ్చాడు. మరుసటి రోజు రమణయ్య వచ్చాడు. మిగిలిన ఇద్దరూ అతని వెనకే వచ్చారు. జరిమానాలు నలుగురూ కట్టారు. మధుసూదన్‌కు మోసం సెక్షను కింద శిక్ష పడింది. పెంచలయ్య గుంటలు తిరిగి రాలేదు. అతను ఇప్పుడు పోర్టులో క్రేన్ల దగ్గర షిఫ్టు పని చేస్తున్నాడు, మస్తానమ్మ ఒకరి గుంటలకు మేత లెక్క చూస్తోంది.

ఆ తర్వాత ఇంకా చాలా విచారణలు చేశాను. ఎదుటి మనిషికి ఏం తెలుసో అడిగి తెలుసుకోవడం కష్టమని ఆ బల్ల దగ్గర నేర్చుకున్నాను. అతను ఏదో ఒకటి ఎంచుకోక తప్పని చోట నిలబెడితే, అతనికి తెలిసినది ఆ ఎంపికలో బయటపడుతుంది. అంతదాకా ఓపిక పట్టడమే మా ఉద్యోగంలో సగం పని.