పావుగంట తోడు

ఈ అరబ్బు దేశంలో సెలవు శుక్రవారమే; ఆ శుక్రవారం ఓవర్‌టైం పడి అమ్వాజ్ దీవికెళ్ళే బస్సెక్కాను. పక్క సీట్లో నలభై ఏళ్ళామె పాత చున్నీలో చుట్టిన గాలం కర్రతో కూర్చుంది. నేను ఫోన్లో తెలుగు మాట్లాడటం విని పలకరించింది. ఆమెది కోనసీమ, హమద్ టౌన్‌లో ఒక ఇంట్లో పని.

"గీ గాలం ఎవ్వరికక్కా?" అన్నాను.

"నాకే తమ్ముడూ. చిన్నప్పుడు మా నాన్న మా అన్ననే తీసుకెళ్ళేవోడు. ఇప్పుడు నేనే కొనుక్కున్నాను. రెండు శుక్రవారాలు వచ్చి, వేయకుండానే ఎల్లిపోయాను. సముద్రం గట్టు మీద అందరూ మగాళ్ళే. ఒకటే చూత్తారు."

తన స్టాపు వస్తుండగా గొంతు తగ్గించింది. "ఓ పావుగంట దిగి నా పక్కన నిలబడతావా? ఒక్కసారి గాలం వేసేదాకా."

"డ్యూటీ ఉందక్కా. లేటైతే లోపలికి రానియ్యరు," అన్నాను.

"పర్లేదులే," అని దిగిపోయింది.

బస్సు సిగ్నల్ దగ్గర ఆగింది. అద్దంలోంచి చూశాను. ఆమె గట్టెక్కగానే అక్కడి మగవాళ్ళు ఒక్కొక్కరే తల తిప్పారు. కాసేపు నీళ్ళవైపు చూసి, చుట్టిన చున్నీ విప్పకుండానే రోడ్డు దాటి, ఎదురు స్టాపులో నిలబడింది.

సెలవు దొరికిన మొదటి శుక్రవారం నేనక్కడే దిగి, చీకటిపడేదాకా ఉన్నాను. ఆమె రాలేదు.