బ్లేడుకి పెట్టిన బొట్టు

ఈ బరువు ఇన్నేళ్లూ మోశాను. ఇంక నావల్ల కాదు. మీరెవరో నాకు తెలీదు, అందుకే మీకు చెబుతున్నాను.

ఇబ్రహీంపట్నంలో ఒక వడ్రంగి షెడ్డులో నేనూ, మా చెల్లెలి మొగుడూ పనిచేసేవాళ్లం. వాణ్ణి చేర్పించింది నేను. పని నేర్పింది నేను. దసరాకి పనిముట్లకి పూజ చేసేదీ నేనే. చేతి కటింగ్ మిషన్ బ్లేడుకి బొట్టు పెట్టాలంటే బ్లేడుని కప్పే గార్డుని వెనక్కి లాగి పట్టుకోవాలి, వదిలితే స్ప్రింగుతో మూసుకుంటుంది. ఆ ఏడు దాన్ని బైండింగ్ వైరుతో కట్టేసి, తీరిగ్గా బొట్టు పెట్టి, పైన బంతిపూల దండ వేశాను.

మర్నాడు మొదటి కోత కోసేది పెద్ద మేస్త్రి. అంటే నేను. ఓనరుగారు నావైపు చూడనైనా చూడకుండా మిషన్ తీసి వాడి చేతికిచ్చారు.

"ఏం బావా, మొహం మాడ్చుకున్నావ్? నీ పనిముట్టు ఆ జిగురు డబ్బాయేగా. దానికీ బొట్టు పెట్టుకో!"

షెడ్డంతా గొల్లున నవ్వింది. ఓనరుగారు కూడా.

వాడు దండ తీసి అవతల పడేశాడు. వైరు అలాగే ఉంది. నాకు కనపడింది. ప్లగ్గు పెట్టేముందు గార్డు లాగి వదిలి చూడాలని, బ్లేడు పూర్తిగా ఆగేదాకా మిషన్ దించకూడదని ఎన్నిసార్లు తిట్టి నేర్పాను వాడికి! చూడలేదు. నేను ఒక్క మాట అంటే సరిపోయేది.

"కానివ్వు బావా," అన్నాను.

కోత అయ్యాక, గార్డు మూసుకుందనే ధీమాతో, మిషన్ని మోకాలి మీదికి దించాడు. బ్లేడు ఇంకా తిరుగుతోంది.

అందరూ వాడి చుట్టూ మూగినప్పుడు నేను వైరు విప్పి జేబులో వేసుకున్నాను. పొట్టు ఇరుక్కుని గార్డు మూసుకోలేదన్నారు. "చూసుకోకుండా పట్టుకుంటే ఇంతే," అని అందరికంటే గట్టిగా అన్నది నేనే. అంత పని జరగాలనే కోరుకున్నానా? లేదు. వాడు బెదిరిపోతే చాలనుకున్నాను. అలాగని నాకు నేను చెప్పుకుంటున్నానేమో.

ఆ మోకాలు మళ్లీ వంగలేదు. ఇప్పుడు బెంజ్ సర్కిల్ దగ్గర హార్డ్‌వేర్ షాపులో స్టూలు మీద కాలు చాపుకుని మేకులు తూస్తాడు. వెళ్తే టీ తెప్పిస్తాడు. "నువ్వు చెబుతూనే ఉన్నావు బావా, నేనే వినలేదు," అంటాడు. ఒళ్లు మండిపోతుంది. ఒక్కసారైనా నన్ను అనుమానించడేం?

వైరు కట్టింది నేను. చూసి నోరు మూసుకున్నది నేను. హమ్మయ్య, అనేశాను.

జిగురు డబ్బా మాట మాత్రం ఇంకా మర్చిపోలేదు.