వంక అనుకుని కూర్చున్న బండ

ఈ సంగతి జరిగి కొన్నేళ్ళయింది. అప్పుడే రాయాల్సింది, కానీ అప్పటికి నాకు అక్షరాలు రావు. చిన్నప్పుడు గొర్రెల వెంట పంపారు, పెళ్ళయ్యాక చేనికి పంపారు, బడికి మాత్రం ఎవరూ పంపలేదు. మా వీధిలో మిషన్ కుట్టే సాయిబులామె, నన్ను అక్కా అని పిలుస్తుంది, బట్టల మీద గీతలు గీసే సుద్దతోనే ఆ తర్వాత నా చేత అ ఆలు దిద్దించింది. ఆ రోజు ఆమె కూడా మాతోనే ఉంది.

ఆమె కూతురు అంత దూరాన, ఉత్తరాన భీమిలి దగ్గర కాపురం ఉంటోంది. రమ్మని పిలిస్తే కుందుర్పి పక్కనున్న మా పల్లె నుంచి ముగ్గురం బయలుదేరాం. మూడో మనిషి మా వదిన. వరసకు వదిన, అసలు స్నేహితురాలు. ఆమెకు మోకాళ్ళ నొప్పి. రానంటే బతిమాలి తీసుకెళ్ళాను. బస్సు దగ్గర ఆమె కొడుకు, "అత్తా, మాయమ్మను నువ్వే పిల్చుకపోతాండావు, నువ్వే పిల్చుకరావాల" అని రెండుసార్లు చెప్పాడు.

సముద్రాన్ని చూసిన దగ్గర నుంచి నాకు కాలు నిలవలేదు. అక్కడి తీరం చదును కాదు. ఎర్రమట్టి గట్లు, నల్ల బండలు. ఒక బండ చుట్టి వెళితే ఇంకో బండ అడ్డం. మా వైపు గుట్ట ఎక్కితే నాలుగు దిక్కులూ ఒకేసారి కనబడతాయి. ఇక్కడ ఏదీ పూర్తిగా కనబడదు.

"నిదానంగా పో వదినా, నీ గొర్రెలేమన్నా తప్పిపోయినాయా ఈడ?" అని వెనక నుంచి వదిన.

మధ్యాహ్నానికి ఆమె మోకాలు వాచింది. ఇసుక నడుమ ఒక వెడల్పాటి బండ కనిపించింది. మా వైపు వాగును వంక అంటాం. ఎండిన వంకలో సద్ది తినాలంటే నడుమ ఉన్న బండే వెతుక్కుంటాం. గాలి వస్తుంది, చీమలు పట్టవు. ఇదీ అట్లాగే ఉంది, చుట్టూ ఆరిన ఇసుక. బండ పక్కల పచ్చటి పాచి ఉంటే, రాత్రి వాన పడిందేమో అనుకున్నాం. ఆమెను అక్కడ కూర్చోబెట్టి, సద్ది మూట ఒళ్ళో పెట్టాం.

"మీరు పోయిరాపోండి. దీన్ని కట్టేసినా నిలబడదు" అని సాయిబులామెతో నా గురించి అంది.

రెండు మలుపులు తిరిగాం. చూస్తున్నానే కానీ మనసు వెనక్కే లాగుతోంది. మూడో మలుపు దగ్గర వెనక్కి తిరిగి చూస్తే, మేం నడిచొచ్చిన అడుగులు నీళ్ళ కింద ఉన్నాయి.

"పదవే" అన్నాను. ఇద్దరం బండలు పట్టుకుని పరిగెత్తాం.

వదిన బండ చుట్టూ నీళ్ళు. ఆమె నిలబడి, సద్ది మూట నెత్తిన పెట్టుకుని, చెప్పులు చంకలో ఇరికించుకుని ఉంది.

"పెరుగుతాండాయి వదినా! మన చెరువుకు ఎప్పుడన్నా ఇట్ల వచ్చినాయా!" అని అరిచింది.

బండలకు అంటిన గుల్లలు ఏరుకుంటున్న ఒకావిడ బుట్ట పారేసి వచ్చింది. "ఓలమ్మో, అక్కడ కూకోబెట్టీసినారేటి! పోటొచ్చే యేళని తెల్దేటి?"

తెలియదు. మా వైపు నీళ్ళు తగ్గడమే చూశాం.

మోకాళ్ళు దాటిన నీళ్ళలో నేనెప్పుడూ దిగలేదు. ఆవిడ నా మణికట్టు గట్టిగా పట్టుకుంది. "అల పోనీ... ఇప్పుడు నడు." నడుము దాకా వచ్చాయి. బండ దగ్గర వీపు తిప్పి, "ఎక్కు" అన్నాను.

"మోయలేవే, జారిడుస్తావు."

"నీ కొడుక్కి ఏం చెప్పల్ల నేను? ఎక్కు!"

ఎక్కింది. ఒక అల వచ్చి కొడితే ఇద్దరం పక్కకు ఒరిగాం. నోట్లోకి ఉప్పునీళ్ళు పోయాయి. ఆవిడ నా చెయ్యి వదల్లేదు. గట్టెక్కి వదినను దించాను. సాయిబులామె ఏడుస్తూనే ఇద్దరినీ తిట్టింది. వదిన మూట విప్పి చూసి, "సద్ది తడవలేదు" అంది.

"ఏవూరు మీది? అక్కడ నీలుండవేటి?" అని అడిగింది ఆవిడ.

"ఉంటాయమ్మా. పోతే మాత్రం సాయంత్రానికి తిరిగి రావు" అని సాయిబులామె కళ్ళు తుడుచుకుంది.

మర్నాడు తెల్లవారగానే ఒక్కదాన్నే తీరానికి వెళ్ళాను. మా ఊరి దిగుడుబావిలో నీళ్ళ అంచున మెట్టు మీద రాయి పెడతాం, ఎంత దిగిపోయాయో తెలియడానికి. అట్లాగే ఇక్కడ నీళ్ళ అంచున ఒక రాయి పెట్టి కూర్చున్నాను. కాసేపటికి మునిగింది. వెనక్కి జరిగి ఇంకోటి పెట్టాను. అదీ మునిగింది.

వదిన కుంటుకుంటూ వచ్చి గట్టు పైనే ఆగింది. "దిగద్దు, ఆడే ఉండు" అన్నాను.

"నేనెందుకు దిగుతా? నువ్వే పైకి రా."

ఇంకో రాయి తీసుకుని గట్టెక్కాను. దాన్ని ఆమె కాళ్ళ దగ్గర పెట్టి, "నీళ్ళు దీనికి తగిల్తే లేసిపోదాం" అని పక్కన కూర్చున్నాను.