నాలుగు బ్యూనా విస్టాలు

ఆ రోజుల్లో ఫోను చూపించిన దారికి తిరుగులేదని నమ్మేవాణ్ణి. ఇంకా పెళ్లి కాలేదు కాబట్టి తిరుగులేనివేవో నాకప్పటికి తెలియదు. జరిగిన తెలివితక్కువ పనిలో సగం మా మేనమామదని ఇన్నాళ్లూ చెప్పుకున్నాను గాని, ఆయన తన వాటా ఎప్పుడూ తీసుకోలేదు.

ఏలూరు సంబంధం. అమ్మాయి తండ్రి మామయ్యకి ఫోన్ చేసి, “ఆదివారం బ్యూనా విస్టాకి వచ్చేయండి. అమ్మాయి రాత్రి బండికే హైదరాబాద్ వెళ్లిపోతుంది” అని పెట్టేశారు. (స్పానిష్‌లో ‘చక్కని చూపు’ అని అర్థమట. పెళ్లిచూపులకి ఇంతకంటే తగిన పేరేముంది?) “హోటలనుకుంటా. ఎక్కడో అడగనా?” అన్నాను. “మగపెళ్లివారం! దారి అడుక్కుంటూ వెళ్తామట్రా?” అన్నాడు మామయ్య. ఫోన్లో వెతికితే మా గణపవరానికి దగ్గర్లో, తాడేపల్లిగూడెంలో ఒకటి తేలింది. నిజంగానే హోటలు. ఏసీ హాల్లో పట్టుచీరల మధ్య నుంచి ఓ పెద్దాయన లేచి, “రండి రండి, దారి కష్టం కాలేదు కదండీ?” అన్నారు. “మాకు తెలియని దారులా అండీ!” అన్నాడు మామయ్య. పూతరేకులు వచ్చాయి, తర్వాత అమ్మాయి వచ్చింది. “ఫొటోలో కంటే పొడుగ్గా ఉంది మామయ్యా” అని గొణిగాను. “అది కూర్చుని దిగిన ఫొటో. తిను” అన్నాడు. తిన్నాను. రెండో పూతరేకు మీద ఉండగా తలుపు తెరుచుకుని అసలు పెళ్లికొడుకు వచ్చాడు. (వాళ్లు దారి పొడుగునా అడుగుతూ వచ్చారట. అందుకే సరిగ్గా వచ్చారు.) పెద్దాయన మర్యాదస్తులు. “పర్లేదు బాబూ, అది తినేసి వెళ్లండి” అన్నారు.

కారెక్కుతుండగా మన అమ్మాయి తండ్రి ఫోన్ చేశారు. “బయల్దేరారా అండీ?” “దగ్గర్లోనే ఉన్నామండీ” అన్నాడు మామయ్య, ఎవరికి దగ్గరో చెప్పకుండా. నా ఫోన్లో కలిదిండి వైపు ఇంకొకటి కనబడింది. “చక్కని చూపంటే కొల్లేరే కదరా!” అన్నాడాయన. చేపల చెరువుల మధ్య తాళం వేసిన రిసార్టు, గేటు దగ్గర వాచ్‌మన్. “సీజన్ అయిపోయిందండీ. పక్షులు కూడా వెళ్లిపోయాయండి” అన్నాడు. ఇక ఉండబట్టలేక మామయ్య చేతిలోంచి ఫోన్ లాక్కుని అమ్మాయి తండ్రిని నేనే అడిగేశాను. బ్యూనా విస్టా అంటే వట్లూరులో వాళ్లుండే అపార్ట్‌మెంటు.

మేం చేరేసరికి దీపాలు పెట్టేశారు. అమ్మాయి బ్యాగుతో లిఫ్ట్ దగ్గరే ఎదురైంది. వెనక కిటికీలోంచి చక్కని చూపు: పక్క అపార్ట్‌మెంటులో ఆరేసిన లుంగీలు. “దారి తెలియకపోతే అడగాలి కదండీ?” అంది. “మగపెళ్లివారం కదండీ” అన్నాను, నేర్పిన పాఠంలా. “అడగడం రాని మనిషితో కష్టమండీ. ఏమీ అనుకోకండి” అని నడక మొదలుపెట్టింది. రెండు పూతరేకులు, మూడు బ్యూనా విస్టాలు, అన్నీ వృథా అయిపోతున్నాయి. “ఏవండీ! స్టేషన్‌కి దారి ఎటండీ? దింపుతాను” అన్నాను. ఆగింది. నవ్వింది. స్టేషన్ వరకూ ప్రతి మలుపులోనూ అడిగాను, తెలిసిన మలుపుల్లో కూడా.

పెళ్లయింది. అప్పట్నుంచి ఏ పెళ్లి పందిట్లో కూర్చున్నా మామయ్య, “మావాడు దారి తప్పి ఇంకో పెళ్లికొడుకు పూతరేకులు తినేశాడండీ” అని మొదలుపెట్టేవాడు. ఆ కథలో ఆయన ఉండడు, కారు దానంతటదే నడుస్తుంది.

ఈమధ్య ఆయన గణపవరంలో చెరువు గట్టున గెస్ట్‌హౌస్ కట్టుకుని, “చదువుకున్నవాడివి, మంచి పేరు చెప్పరా” అన్నాడు. చెప్పాను. బోర్డు కూడా నేనే రాయించాను. గృహప్రవేశం నాడు మామయ్య పొద్దుటి నుంచీ రోడ్డు మీద నిలబడి, “అది కాదండీ, ఇంకొకటండీ! లేదండీ, రిసార్టు కాదండీ!” అని వచ్చేవాళ్లందరికీ ఫోన్లో దారి చెబుతూనే ఉన్నాడట. మధ్యాహ్నం నాకూ ఫోన్ చేశాడు. “ఒరేయ్, భోజనాలు చల్లారిపోతున్నాయి. ఎక్కడున్నారు?”

“దారి అడుక్కుంటూ వస్తామా మామయ్యా? తాడేపల్లిగూడెంలో ఉన్నాం” అన్నాను, మా ఆవిడ వైపు పళ్లెం జరుపుతూ. “పూతరేకులు ఇంకా బాగానే ఉన్నాయి.”