మామ రాయించిన 'ఫర్'

నిన్న ఈ అరబ్బు దేశంలో, అజైబాలోని మా ఆఫీసులో కూర్చుని ఉండగా నా ఫోనుకు కంపెనీ ఉత్తరం వచ్చింది, వచ్చే నెలతో నా ఉద్యోగం ముగుస్తుందని, ఇన్నేళ్ల సేవకు కృతజ్ఞతలని. వయసు అయిపోయింది కాబట్టి దానికి బాధపడలేదు గానీ, అడుగున 'ఇది కంప్యూటర్ తయారుచేసిన ఉత్తరం, సంతకం అవసరం లేదు' అన్న వాక్యం చదివేసరికి మామ గుర్తొచ్చి ఏడుపు ఆగలేదు.

మామ అంటే మేనమామ కాదు. కడప జిల్లాలో మా పక్క ఊరి సాయిబుగారు, అప్పట్లో మా కంపెనీకి మేనేజరు. టైపిస్టుగా వచ్చిన నేను ఆయన్ని ఆఫీసులో సార్ అనీ, ఘుబ్రాలో మేమిద్దరం ఉండే రూముకు వచ్చాక మామ అనీ పిలిచేవాణ్ణి. మా వైపు వరసలకు మతం అడ్డొచ్చేది కాదు. ఆయన సైట్‌కు వెళ్లిన రోజుల్లో సిమెంటు వాళ్లకూ, క్రేన్ల వాళ్లకూ పోయే ఉత్తరాల మీద నన్నే సంతకం పెట్టమనేవారు. మన తరం గుమాస్తాలకు తెలిసిన సంగతే, ఎదుటివాడి సంతకాన్ని అనుకరించకూడదు, ఆయన పేరుకు ముందు 'ఫర్', అంటే 'ఫలానావారి తరఫున', అని రాసి మన సంతకమే పెట్టాలి, ఆ చిన్న మాట ఉంటే అందులోని మంచీ చెడ్డా మనవి కావు. అది నాకు నేర్పింది మామే. నా రాత కోడి గెలికినట్టుందని వెక్కిరిస్తూ దిద్దించిందీ ఆయనే.

ఒక వేసవిలో మామకు కుడిచేయి పడిపోయింది. చిన్నకొడుకు చదువు ఇంకో ఏడాది ఉంది, ఉద్యోగం పోతే వీసా పోతుంది, వీసా పోతే ఆ చదువు ఆగిపోతుంది. అందుకని ఆ చేతిని జేబులో పెట్టుకుని తిరిగేవారు, ఆయన చెబుతుంటే నేను టైపు చేసి, అన్నింటి మీదా 'ఫర్' రాసి సంతకం పెట్టేవాణ్ణి. కొన్నాళ్లు అలాగే నెట్టుకొచ్చాం. చివరికి బ్యాంకువాళ్లు తమ ఎదుట సంతకం పెట్టమనడంతో సంగతి బయటపడింది. అర్బాబ్, అంటే మా యజమాని, చెడ్డవాడేమీ కాదు, కానీ ప్రయాణంలో ఉండి, మామను ఇంటికి పంపించే ఉత్తరం తయారుచేసి తన బదులు నన్నే సంతకం పెట్టి ఇచ్చేయమని ఫోనులో చెప్పాడు.

ఆ ఉత్తరం మామ బల్ల మీద పెట్టి తల వంచుకుని నిలబడ్డాను. ఆయన ఎప్పటిలాగే తప్పులు వెతుకుతున్నట్టు మొదటినుంచి చివరిదాకా చదివి, "ఫర్ మర్చిపోతివి కదప్పా" అన్నారు. "రాయి అల్లుడా, అది లేకుంటే నన్ను నువ్వే తీసేసినట్టుంటాది" అంటూ ఎడమచేత్తో పెన్ను నావైపు జరిపారు. ఎలా రాశానో నాకే తెలియదు. కోడి గెలికినట్టే వచ్చింది, ఆయన మాత్రం ఈసారి వెక్కిరించలేదు.

ఊరికి వెళ్లిన ఏడాది తిరక్కుండానే మామ పోయారు. చిన్నకొడుకు చదువు మానేసి ఏదో కొట్లో చేరాడని విన్నాను.

ఇప్పుడు మా ఆఫీసులో ఎవరి బదులూ ఎవరూ సంతకం పెట్టనక్కర్లేదు, పనులు చకచకా జరిగిపోతున్నాయి, కాదనను. కానీ నిన్నటి ఉత్తరాన్ని ఎన్నిసార్లు చదువుకున్నా, నన్ను పంపించడానికి చేయి వణికిన మనిషి ఒక్కరూ అందులో నాకు కనిపించలేదు.