మెడ మీద ఊపిరి

నా వయసులో ఉన్నప్పుడు అమ్మ మిట్టమధ్యాహ్నం మిరపకాయలు ఆరబోసిన కల్లంలో ఉన్నట్టుండి ఆగిపోయేది. వెనక నుంచి ఎవరో మెడ మీద ఊపిరి వదులుతున్నారనేది. వెనక ఎవరూ ఉండేవారు కాదు. జాకెట్టు చెమటకు తడిసి ముద్దయ్యేది. గాలి సోకిందని తాయెత్తు కట్టించారు. పదేళ్ల తర్వాత జారిపడి తుంటి విరిగింది. మళ్లీ మంచం దిగలేదు.

నాకు నెలసరి ఆగి ఏడాది దాటింది. ఎనిమిదో తరగతికి లెక్కలు చెబుతుంటే అదే ఊపిరి నా మెడకు తగిలింది. తిరిగి చూస్తే బోర్డు తప్ప ఏమీ లేదు. ఛాతీలోంచి ముఖం దాకా భగ్గుమంది. పిల్లలు బిగుసుకుపోయి కూర్చున్నారు.

"ఎవరితో మాట్లాడుతున్నారు టీచర్?" అంది ముందు బెంచీ అమ్మాయి.

నేను మాట్లాడినట్టు నాకు తెలియదు.

ఆ ఆదివారం వినుకొండ నుంచి గుంటూరు వెళ్లి లేడీ డాక్టరుకు అంతా చెప్పాను. ఆవిడ నవ్వలేదు.

"నెలసరి ఆగాక ఇలా వేడి ఆవిర్లు వస్తాయి. మీ అమ్మగారికీ ఇదే అయ్యుంటుందండి. హార్మోన్లు వాడితే ఈ వేడి తగ్గుతుంది, ఎముకలకూ మంచిది. మీ ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందా?"

పిన్నికి వచ్చిందన్నాను. ఆవిడ రాయడం ఆపింది.

"ఏళ్ల తరబడి వాడితే ఆ ముప్పు కొంచెం పెరుగుతుంది. ముందు పరీక్షలు చేయిద్దాం. తర్వాత ఆలోచించుకుని చెప్పండి."

రొమ్ము పరీక్షలో ఏమీ లేదు. ఎముకల స్కాన్‌లో మాత్రం నా తుంటి పలచబడి కనిపించింది. తెర మీద ఆ బూడిదరంగు ఎముకలు నావిలా లేవు. ఎప్పుడో పోయిన మనిషివిలా ఉన్నాయి.

పెదకాకానిలో పిన్ని దగ్గరికి వెళ్లాను. డాక్టరు చెప్పిందంతా విని, రొమ్ము తీసేసిన వైపు పైట సర్దుకుంది.

"మీ అమ్మ ఎట్టా పోయిందో చూశావు. నన్నూ చూస్తన్నావు. ఎవరిలాగా అవుతానోనని భయపడి కూర్చోమాక. మందు వాడు, ఏడాదేడాదీ చూపించుకో."

తక్కువ మోతాదుతో మొదలుపెట్టాను. మూడో నెలకు వేడి ఆగింది. మొన్న ఏడాది పరీక్షలూ బాగానే వచ్చాయి. ఎన్నాళ్లు వాడాలో ఏటా చూసుకుందామంది డాక్టరు.

ఆ రోజు గుంటూరు నుంచి తిరిగి వస్తూ నల్లపాడు స్టేషన్లో కూర్చున్నాను. పక్కనున్న ముసలామె నా ముఖంలోకి తేరిపార చూసింది.

"అచ్చం మీ అమ్మలాగే ఉన్నావు," అంది.

ఆమెను నేనెప్పుడూ చూడలేదు. అమ్మ ఎలా తెలుసని అడిగేలోపే రైలొచ్చింది. ఆమె ఎక్కేసింది. నేను ఎక్కాల్సిందీ అదే. బెంచీ మీదే ఉండిపోయాను. తర్వాతి బండికి ఇల్లు చేరాను.