స్థానికుల అనుమానం

మా మేడ మీది గదిలో ఫిన్లాండ్ దేశస్థురాలు కిరాయికి దిగిన రోజు నుంచే నాకు ఆమె మీద నమ్మకం లేదు. అశ్వారావుపేట దగ్గర మా ఊళ్ళో నాకు ఆరెకరాల పామాయిల్ తోట ఉంది. దాంతోపాటు ఒక జిల్లా పేపరుకు విలేకరిని. పేపరు వల్ల ఒరిగేదేమీ లేదు గానీ, నేను నడిపే వాట్సాప్ వార్తల గ్రూపును చుట్టుపక్కల పది ఊళ్ళవాళ్ళు చూస్తారు. చదువు రానివాళ్ళ కోసం అవే వార్తలు నా గొంతుతో కూడా పెడతాను. అడవి అంచున పుట్టి పెరిగినవాణ్ణి. కొత్త మనిషి ఊళ్ళోకి వచ్చి ప్రశ్నలు వేస్తే, ఎవరు పంపిన మనిషో అనుకోవడం మాకు పుట్టుకతో వచ్చిన బుద్ధి.

ఈమె వేసేవన్నీ ప్రశ్నలే. ఇంట్లో ఎన్ని ఫోన్లున్నాయి, టీవీ రిమోట్ ఎవరి చేతిలో ఉంటుంది, ఏ వార్త ఎవరు చెబితే నమ్ముతారు? ఇవే ప్రశ్నలు వాళ్ళ దేశంలో కూడా అడిగిందట, రెండూ పోల్చి పుస్తకం రాస్తుందట. పైగా హైదరాబాదులో ఏడాది కూర్చుని తెలుగు నేర్చుకుంది. ఎవరు ఏ సీరియల్ చూస్తున్నారో తెలుసుకోవడానికి విమానమెక్కి వస్తారా ఎవరైనా? నా చెవిలో పువ్వు పెడుతోంది అనుకున్నాను.

వాళ్ళ దేశం సంగతులు చెబుతుంటే అనుమానం ఇంకా ముదిరేది. పల్లెల్లో అందరి పేపరు డబ్బాలూ రోడ్డు పక్కన వరసగా ఉంటాయట. తెల్లారేసరికి ఎవరి పేపరు వాళ్ళ డబ్బాలో పడుతుందట, తాళం ఉండదట.

"ఎవరూ ఎత్తుకుపోరా?" అన్నాను.

"ఎందుకు? వాళ్ళకూ పేపరు వస్తుంది కదా" అంది.

పొద్దున్నే మొగుడూ పెళ్ళాం చెరో సగం పట్టుకుని, కాఫీ తాగుతూ, ఉలుకూ పలుకూ లేకుండా చదువుకుంటారట. ఇదేం చదువు! మా టీకొట్టు దగ్గర ఒకడు పైకి చదివితే పదిమంది తలా ఒక మాట తగిలిస్తారు, వార్త అప్పుడు గదా రుచి పట్టేది. అక్కడ వార్తలో తప్పు కనిపిస్తే జనం ఆఫీసుకు ఫోన్ చేసి, ఇది మీకు ఎవరు చెప్పారని నిలదీస్తారట. ఇన్నేళ్ళలో నన్ను ఆ మాట అడిగినవాడు లేడు. అడిగిందల్లా ఫోటో ఎందుకంత చిన్నగా వేశావనే.

అమ్మకు మాత్రం ఆమె అంటే ప్రాణం. "ఏం బిడ్డా, గట్ల పాలిపోయినవ్, సరిగ తింటలేవా?" అంటూ పూటపూటకూ గిన్నె పైకి పంపేది. మధ్యాహ్నం సీరియల్ ఇద్దరూ పక్కపక్కన కూర్చుని చూసేవాళ్ళు.

నన్ను పట్టి కుదిపింది మాత్రం ఒక గొంతు. రోజూ సాయంత్రం నాలుగు దాటాక ఆమె గదిలో ఒక మగగొంతు వినిపించేది. ఆమె మాట్లాడదు, ఆ గొంతొక్కటే. ఒక పేరు, కాస్త ఆగి ఏవో అంకెల్లాంటివి. మళ్ళీ పేరు, మళ్ళీ అంకెలు. చెప్పులు విడిచి, మెట్ల మీద నిలబడి వారం రోజులు విన్నాను. ఇదేదో సంకేతమే, సందేహం లేదనుకున్నాను. తలుపు కొట్టి ఏందమ్మా ఇది అని అడిగితే సరిపోయేది. అడగలేదు.

మా విలేకరుల్లో ఒక పద్ధతుంది. మనకు అనుమానం వస్తే నాకు అనుమానం అని రాయం. స్థానికులు అనుమానం వ్యక్తం చేస్తున్నారు అని రాస్తాం. ఆ సాయంత్రం గ్రూపులో అలాగే పెట్టాను: విదేశీ మహిళ గదిలోంచి రహస్య సంకేతాలు వినిపిస్తున్నాయని స్థానికులు అంటున్నారు. ఆ స్థానికుల్లో ఉన్నది నేనొక్కణ్ణే.

మర్నాడు ఆమె ఏ ఇంటికి వెళ్ళినా తలుపు తెరుచుకోలేదు. ఆమె కనబడగానే టీకొట్టు దగ్గర మాటలు ఆగిపోయాయి. పోలీసులు వచ్చి కాగితాలు చూసి, అన్నీ సరిగ్గానే ఉన్నాయని చెప్పి వెళ్ళిపోయారు. "పోలీసోళ్ళే వచ్చిండ్రంటే ఏదో ఉన్నట్టే కద" అంది ఊరు. ఇంకా నెల రోజుల పని మిగిలుంది, అది కాకపోతే రెండేళ్ళ కష్టం బూడిదలో పోసినట్టేనని ఆమె అంతకుముందే నాతో అని ఉంది.

రెండో రోజు ఒక కాగితం పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఎవరు ఎవరి నోట విన్నారో, తలుపు తీయకపోయినా కిటికీలోంచే అడిగి గీతలు గీసుకుంది. గీతలన్నీ మా ఇంటికే వచ్చాయి.

"ఆ స్థానికులు ఎవరండీ? వాళ్ళను కలవాలి. ఏం విన్నారో అడగాలి."

ఆమె గొంతులో కోపం లేదు. కోపం ఉంటే బాగుండేది, నేనూ ఎగిరేవాణ్ణి. "నాలుగింటికి ఆ గొంతు ఎవరిది?" అన్నాను.

ఆమె ఫోన్ తీసి వినిపించింది. అదే గొంతు. "మా దేశం రేడియో. సముద్రం మీద గాలి ఎంత వేగంగా ఉందో చెబుతున్నారు. ఆ పేర్లు దీవులవి. మా ఊరికి సముద్రమే లేదు. అయినా మా నాయనమ్మ రోజూ పెట్టేది. ఇంటి మీద బెంగ కలిగినప్పుడు నేనూ వింటాను."

సిగ్గుతో నా తల వాలిపోయింది. "ఆ స్థానికుణ్ణి నేనే" అన్నాను. ఆమె కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. "మీ అమ్మ నా వెంట ఇంటింటికీ వస్తే జనం తలుపు తీస్తారు. అమ్మ రాకపోతే రేపే వెళ్ళిపోతాను" అంది.

వెంటనే గ్రూపులో నా గొంతుతోనే చెప్పాను: అది సముద్రపు వాతావరణం, తప్పు పూర్తిగా నాది, స్థానికులెవరూ ఏమీ అనలేదు. "ఎంత ముట్టిందన్నా?" అని ఒకడు వెంటనే రాశాడు. మిగతావాళ్ళు అదీ రాయలేదు.

పొద్దున్నే, ఆమె వెంట వెళ్ళమని అడగడానికి అమ్మ దగ్గర కూర్చున్నాను. రెండు రోజులుగా పైకి గిన్నె పంపడం మానేసింది. నేను పెట్టిన మాటలు ఫోన్‌లో రెండుసార్లు విని నా మొహంలోకి చూసింది.

"గొంతు వణుకుతున్నదేందిరా? ఆమె ఏమన్న బెదిరించిందా?"

"లేదమ్మా. మొన్న నేను పెట్టిందే అబద్ధం. ఆమె ఏ పాపమూ ఎరగదు."

"నువ్వు అబద్ధం పెట్టవు బిడ్డా. నాకు తెల్వదా?" అని నా తల నిమిరింది. "నువ్వు ఏం భయపడకు. ఆమెను పోనియ్."

మెట్ల మీద ఆమె పెట్టె దిగుతున్న చప్పుడు వినిపించింది. అమ్మ లేచి, నన్ను వెనక్కి లాగి, తలుపుకు గడియ పెట్టింది.